సారక్క తర్జుమా

సూరత్ శివారు వడోద్‌లో తెలుగువాళ్ళుండే గల్లీల్లో సారక్క అబద్ధాలాడుతుందని తెలియనివాళ్ళు లేరు. అయినా ఆమె మాట వినని ఇల్లు కూడా దాదాపు లేదు. కడుపుతో ఉన్న భార్య పక్కనే కూర్చుని బీడీ కాల్చే లింగానికి, "స్కానింగ్ మిషన్ల పొగ మంచిగ కనవడ్తది అన్నా. డాక్టరమ్మ నీ పేరు రాసుకున్నది," అని చెప్పింది. కాన్పయ్యేదాకా అతను బీడీలు కాల్చుకోవడానికి మేడ మీదికి పోయాడు. ఐరన్ గోళీలు వాసనొస్తున్నాయని కిటికీలోంచి పారేసే తిరుమలకు, అవి మింగితే జుట్టు నడుం దాకా పెరుగుతుందని చెప్పింది. తిరుమల జుట్టు ఉన్నచోటే ఉంది గాని, రక్తం మాత్రం రెండు నెలల్లో రెండు పాయింట్లు పెరిగింది.

సారక్క ఆశా కార్యకర్త. గల్లీలో సారక్క, ఆస్పత్రిలో సారాబెన్. పద్దెనిమిదో ఏట కోరుట్ల దగ్గరి పల్లె నుంచి భర్త సదానందం వెంట సూరత్‌లో దిగినప్పుడు ఆమెకు తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. సదానందం పాండేసరాలో మగ్గాలు నడిపేవాడు. ఆమె అదే కార్ఖానాలో కండెలు చుట్టేది. హిందీ పక్కింటివాళ్ళ దగ్గర వింటూ నేర్చుకుంది. గుజరాతీ మాత్రం కూరగాయల బండ్ల దగ్గర కొట్లాడి నేర్చుకుంది. పదేళ్ళ కిందట ఆరోగ్య కేంద్రం వాళ్ళు తెలుగు తెలిసిన ఆడమనిషి కోసం వెతుకుతుంటే, పదో తరగతి తప్పిన కాగితం పట్టుకుని వెళ్ళి నిలబడింది. ఆ కాగితం చూపించే విధానం చూసి, వాళ్ళు ఆమె పాసయిందనే అనుకున్నారు.

ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఆడవాళ్ళకు డాక్టర్ల హిందీ అర్థం కాదు. డాక్టర్లకు తెలుగు రాదు. ఇద్దరి మధ్య సారక్క నిలబడి ఆ మాట ఈ పక్కకు, ఈ మాట ఆ పక్కకు చేరవేసేది. చేరవేస్తూ దారిలో కొంచెం ఉప్పూ కారం సర్దేది. డాక్టరు కసిరితే అది గల్లీ మనిషి చెవిదాకా వచ్చేసరికి పలకరింపు అయ్యేది. ఇటువైపు నుంచి వెళ్ళిన తిట్టు అటు చేరేసరికి నమస్కారం అయ్యేది. దీనివల్ల ఎవరికీ నష్టం జరగలేదని ఆమె నమ్మకం.

ఈ ఏడాది వానలు మొదలైన రోజుల్లో ఆ పనితనానికి ఒక పెద్ద పరీక్ష వచ్చింది. అది వజ్రమ్మ రూపంలో వచ్చింది.

వజ్రమ్మ కొడుకు శివకృష్ణ మగ్గం పనివాడు. కోడలు విజయశ్రీ సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఇరవై రెండేళ్ళు ఉంటాయి. తల్లి లేదు. మొదటి కాన్పు కాబట్టి దగ్గరుండి చూసుకోవడానికి అత్త ఊరి నుంచి వచ్చింది. ఒక బస్తా బియ్యం, రెండు డబ్బాల పచ్చడి, కదల్లేని రెండు మోకాళ్ళు వెంట తెచ్చుకుంది. మూడో అంతస్తులోని ఆ ఒంటి గదిలోకి వచ్చి మంచం మీద కూర్చున్నది మొదలు, "నా మోకాండ్లు నడువయి," అనే మాట మీదే ఇల్లంతా నడిచింది. శివకృష్ణ పన్నెండు గంటల పని చేసి వచ్చి తల్లి కాళ్ళకు నూనె రాసేవాడు.

విజయశ్రీకి నొప్పులు రావలసిన తేదీ వచ్చింది, పోయింది. అయిదు రోజులు గడిచాయి. సారక్క రోజూ మూడంతస్తులు ఎక్కి వచ్చేది.

"పెద్దమ్మా, డాక్టరమ్మ ఏడో దినం నాడు తప్పకుండ తోలుకరమ్మన్నది. తారీఖు దాటిన కడుపును గిట్ల ఇంట్ల ఉంచుకోవద్దు."

"ఎవ్వలు పెట్టిండ్రు ఆ తారీఖు?"

"మూడో నెలల స్కానింగ్ మిషన్ పెట్టింది."

"మిషన్‌కేమెరుక? తొమ్మిది నెలల తొమ్మిది దినాలు నేను వేళ్ళ మీద లెక్కవెట్టిన. ఇంక పన్నెండు దినాలున్నయి. మా శివకృష్ణ పది నెలలు నిండినంక పుట్టిండు. గందుకే గింత గట్టిగున్నడు."

గోడకానుకుని నిలబడ్డ శివకృష్ణ, తలుపు గాలికి కొట్టుకుంటే పక్కకు జరిగే రకం మనిషి. సారక్క అతనికేసి ఒకసారి చూసి మళ్ళీ వజ్రమ్మ వైపే తిరిగింది.

"మరి చూపెట్టి రానియ్యి పెద్దమ్మా. ఒక్క గంట పని."

"కోడల్ని ఒక్కదాన్ని పంపేదిలేదు. నేను వోదామంటె మోకాండ్లు నడువయి. అయినా పోతే ఏమైతది, నాకెరుక లేదా? నా బిడ్డను మా తాలూకల ముహూర్తం వెట్టి మరీ కోసిండ్రు. నొప్పులు గూడ రాలే. కత్తి వట్టుకోని తయారుగున్నరు."

ఆ చివరి మాట అన్నప్పుడు వజ్రమ్మ గొంతులో పెత్తనం లేదు. కూతురికి కోసిన గాయం చీము పట్టి నెలరోజులు మంచం పట్టిన సంగతి ఆమె అప్పుడు చెప్పలేదు. సారక్క అడగనూ లేదు.

సారక్క మెట్లు దిగుతూ ఆలోచించింది. శిక్షణలో ఆమెకు చెప్పినవి గుర్తున్నాయి. తేదీ దాటిన కడుపులు చాలావరకు మంచిగానే తేలతాయి. కానీ ఒక వారం దాటాక మాయ మెల్లగా అలిసిపోతుంది, కడుపులో నీళ్ళు తగ్గుతాయి. బిడ్డకు అందవలసింది అందదు. లోపలే ప్రాణం పోయే ప్రమాదం కొద్దిగానే ఉన్నా, రోజు రోజుకూ పెరుగుతుంది. ఎవరి కడుపులో ఆ ప్రమాదం కూర్చుందో బయటి నుంచి చూసి చెప్పలేరు. అందుకే వారం దాటకుండా చూపించాలి, అవసరమైతే నొప్పులు తెప్పించాలి.

ఈ సంగతి ఆమె శిక్షణకు ముందే నేర్చుకుంది. సూరత్ వచ్చిన రెండో ఏడు, ఆమె మొదటి కడుపుకు తేదీ దాటి రెండున్నర వారాలు గడిచాయి. పక్కగదుల వాళ్ళందరూ మొదటి చూలు ఆలస్యమే అన్నారు. ఒక పొద్దున కదలిక ఆగిపోయింది. ఆస్పత్రికి పోయేసరికి చెప్పడానికి డాక్టర్ల దగ్గర ఒకే మాట మిగిలింది, ఆ మాట ఆమెకు అర్థం కాని భాషలో ఉంది. తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయ్యారు. మొదటివాడి గురించి సారక్క ఎవరికీ చెప్పదు.

ఏడో రోజు కూడా వజ్రమ్మ పంపలేదు. ఎనిమిదో రోజు పొద్దున సారక్క గల్లీలోకి వచ్చేసరికి నీళ్ళ ట్యాంకరు ఆగి ఉంది. ఆడవాళ్ళు బిందెలతో తోసుకుంటున్నారు. అందరికన్నా ముందు, పైపు మూతి పట్టుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని వజ్రమ్మ ఉంది. రెండు బకెట్లు నింపి, రెండు చేతులా పట్టుకుని, మూడంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కిపోయింది. సారక్క పాలబండి వెనక నిలబడి ఆ కాళ్ళను చివరి మెట్టు దాకా చూసింది. పదేళ్ళ ఉద్యోగంలో ఆమెకు ఇంత సంతోషం కలిగిన పొద్దున లేదు.

మర్నాడు, అంటే తొమ్మిదో రోజు, ఏడు గంటలకు విజయశ్రీ ఫోన్ చేసింది. మేడ మీద బట్టలు ఆరేసే వంకతో వచ్చి మాట్లాడుతోంది.

"సారక్కా, నిన్నటి సంది బిడ్డ తక్కువ తిరుగుతుంది. పొద్దుగాల సంది లెక్కవెడుతున్న. రెండే సార్లు కదిలింది. నాకు డర్ అయితుంది. అత్తమ్మకు చెప్తే నిద్రవోతుందేమో అంటుంది."

"నువ్వు ఆస్పత్రికి పోవాల్ననుకుంటున్నవా?"

"ఇప్పుడే పోవాలె."

"పదిహేను నిమిషాలల్ల ఆటో తెస్త. ఆధార్, కార్డు, బట్టలు సంచిల వెట్టుకో. నేనేం మాట్లాడినా నువ్వు నవ్వద్దు."

సారక్క మెట్లెక్కి, గుమ్మంలోనే ఆయాసపడుతూ, "పెద్దమ్మా, లేవు. నీ అదృష్టం బాగున్నది," అంది. "అహ్మదాబాద్ నుంచి మోకాండ్ల డాక్టరు వచ్చిండు. ఇయ్యాల ఒక్కనాడే. సూది లేదు, కోసుడు లేదు, చేత్తోని వట్టి చూస్తడు. నీ పేరు రాయించిన. విజయను తోడు తోలుకపోదాం, ఒక్కదానివి ఎట్ల నడుస్తవ్?"

వజ్రమ్మ మంచం మీద కూర్చుని సారక్క ముఖంలోకి చూసింది. మూడు వారాలుగా నడవని మోకాళ్ళు ఉన్న మనిషి, మోకాళ్ళ డాక్టరు వచ్చాడంటే ఏ నోటితో వద్దంటుంది? చెప్పులు వెతుక్కుంది.

మెట్లు దిగుతున్నప్పుడు వజ్రమ్మ ఎడమ కాలు కుంటింది. ఆటో ఎక్కేటప్పుడు కుడి కాలు కుంటింది. విజయశ్రీ పొట్ట పట్టుకుని రోడ్డుకేసి తల తిప్పుకుంది. ఆ భయంలో కూడా ఆమెకు నవ్వొచ్చింది.

ఆస్పత్రిలో డాక్టర్ హేతల్ అనే ఆమె ఉంది. పొట్టిగా, గట్టి గొంతుతో ఉంటుంది. హిందీలోనే మాట్లాడుతుంది. విజయశ్రీ కార్డు చూడగానే కళ్ళజోడు పైకి తోసింది.

"నలభై ఒక్క వారాలు దాటి రెండు రోజులైంది. ఏడో రోజున ఎందుకు తీసుకురాలేదు? ఆ ఇంట్లో బుద్ధి ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరా?"

వజ్రమ్మ సారక్కకేసి చూసి, "ఏమంటుంది?" అని అడిగింది.

"పిల్లను గింత పద్ధతిగ చూసుకున్న అత్త ఎవ్వలని అడుగుతుంది పెద్దమ్మా."

విజయశ్రీకి దగ్గు వచ్చింది.

"ఈ పెద్దావిడే ఆపిందా? చదువుకోని వాళ్ళకన్నా మొండివాళ్ళతోనే నాకు కష్టం," అంది డాక్టరు.

"నీ అసువంటి పెద్దమనిషి ఇంట్ల ఉంటే ధైర్యం అంటుంది."

వజ్రమ్మ మెల్లగా తల ఊపింది. "మంచిది. మరి మోకాండ్ల డాక్టరు ఏడి?"

"ఛాయ్ తాగవోయిండు. అప్పటిదాక పిల్లను చూస్తరట."

విజయశ్రీని మంచం మీద పడుకోబెట్టి, పొట్టకు బెల్టు కట్టి, బిడ్డ గుండె చప్పుడు వినే మిషన్ పెట్టారు. గదిలో గుర్రం పరుగెత్తినట్టు చప్పుడు నిండింది. సారక్క ఆ చప్పుడు వినగానే పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. కూర్చున్నట్టు ఆమెకే తెలియలేదు. ఇరవై నిమిషాల కాగితం చూసి గుండె బాగుందని డాక్టరు చెప్పింది. తర్వాత స్కానింగ్ చేసింది. ఈసారి గొంతు తగ్గించి, విజయశ్రీకేసి చూస్తూ నిదానంగా మాట్లాడింది.

"నీళ్ళు బాగా తగ్గిపోయాయి. బిడ్డ ఇప్పటికి బాగానే ఉంది. కానీ ఇంక ఆగడం మంచిది కాదు. ఇవాళే గోళీలిచ్చి నొప్పులు తెప్పిస్తాం. మామూలు కాన్పుకే ప్రయత్నిస్తాం. మధ్యలో బిడ్డ అలిసిపోయినట్టు కనిపిస్తే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. నీకు ఇష్టమైతే సంతకం పెట్టు. అడగాలనుకున్నవి అడుగు."

విజయశ్రీకి ప్రతి మాటా అర్థమైంది. ఆమె అత్తకేసి చూసింది. వజ్రమ్మ సారక్కకేసి చూసింది.

సారక్క గొంతు సర్దుకుంది. "అంత మంచిగనే ఉన్నదట పెద్దమ్మా. ఒక్క గోళీ ఇస్తరట. పొద్దుగూకేవరకు నొప్పులొస్తయి, నువ్వు మనుమణ్ణి ఎత్తుకుంటవ్. గంతే."

వజ్రమ్మ లేచి నిలబడింది. ఏ కాలూ కుంటలేదు. డాక్టరు బల్ల దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ దాని మీద ఆన్చి, "డాక్టర్ సాబ్, ఆపరేషన్ కీ బాత్ ఇస్నే నహీ బతాయీ," అంది.

అది శుభ్రమైన హిందీ. ఆపరేషన్ మాట ఈవిడ నాకు చెప్పలేదని ఫిర్యాదు.

విజయశ్రీ నోరు తెరిచి అత్తను చూసింది. మూడు వారాలుగా ఉల్లిగడ్డల ధర కూడా కోడలి చేతే అడిగించిన మనిషి ఈమె.

"బొంబయి కాడ భివండిల ఆరేండ్లున్న," అంది వజ్రమ్మ తెలుగులో, సారక్కకేసి తిరగకుండానే. "మా మగ్గాలు ఆడనే ఉండె. మొండిదాన్నని ఆమె అంటే నువ్వు పెద్దమనిషినన్నవ్. అది మంచిగనే ఉన్నది, ఊకున్న. కత్తి ముచ్చట గూడ దాస్తవా? నా బిడ్డకు గూడ గట్లనే దాసిండ్రు."

పదేళ్ళలో మొదటిసారి సారక్క నోటికి ఏ భాషా రాలేదు.

వజ్రమ్మ హిందీలో డాక్టరును నేరుగా అడిగింది. నొప్పులు తెప్పిస్తే ఎంతమందికి కోస్తారు? ఆగితే కోయకుండా తప్పించుకోవచ్చా? ముహూర్తం కోసమో, తొందర ఉండో కోస్తారా?

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. మొదట అన్న మాటలకు ఆమె ముఖం ఎర్రబడింది. "మాజీ, ఇంత దాటాక ఇంకా ఆగితే ఆపరేషన్ చేయాల్సి వచ్చే అవకాశం తగ్గదు. పెరగవచ్చు. నొప్పులు తెప్పించినవాళ్ళలో ఎక్కువమంది మామూలుగానే కంటారు. అందరూ కంటారని మాత్రం మాటివ్వలేను. ముహూర్తాలు ఇక్కడ చూడం. కోయాల్సి వస్తే ఎందుకో ముందు మీకు చెప్తాను, మీ భాషలో, ఒక్క మాట వదలకుండా." చివరి మాట అంటూ సారక్కకేసి చూసింది.

"నాకు చేయించుకోవాల్ననుంది అత్తమ్మా," అంది విజయశ్రీ. "నేను సంతకం పెడుతున్న. నువ్వు పక్కన ఉండు."

వజ్రమ్మ కోడలి తల మీద చెయ్యి వేసి, "పెట్టు," అంది. తర్వాత సారక్కతో, "శివకృష్ణకు ఫోన్ చెయ్యి. ఉన్నది ఉన్నట్టు చెప్పు. వానికి గూడ మోకాండ్ల డాక్టరు ముచ్చట చెప్పకు," అంది.

మధ్యాహ్నం గోళీ వేశారు. గుండె చప్పుడు గంట గంటకూ చూస్తున్నారు. శివకృష్ణ కార్ఖానా నుంచి పరుగున వచ్చి, ఏం చేయాలో తెలియక తినడానికి నాలుగుసార్లు ఏదో ఒకటి తెచ్చాడు. వజ్రమ్మ, సారక్క బయటి బెంచీ మీద కూర్చుని అతను తెచ్చిన ఖమన్, ఆవిరి మీద ఉడికించిన శనగపిండి ముక్కలు, తిన్నారు.

"నా మోకాండ్ల సంగతి నీకెప్పుడెరుకైంది?" అని అడిగింది వజ్రమ్మ.

"నిన్న పొద్దుగాల. ట్యాంకరు కాడ."

"మరి నిన్ననే అడుగకపోతివి."

"అడిగితే ఏం లాభం పెద్దమ్మా? ఇయ్యాల పనికొచ్చింది."

వజ్రమ్మ నవ్వలేదు గాని ఖమన్ పొట్లం ఆమెవైపు జరిపింది. "కొడుకు కాళ్ళు వట్టుతుంటే మంచిగనిపించింది. పెండ్లయినంక వాడు నా పక్కన కూసున్నదే లేదు. ఇగ హిందీ అంటవా, కింది గదిల బిహారు పిల్ల నాకు రాదనుకోని నా ముంగటనే నన్ను తిడుతుండె. వినకపోతే ఎట్ల తెలుస్తది?"

కొంతసేపటికి, "నువ్వు గింత ఉరుకుడెందుకు? నీకు సొంత కోడలు గాదు గద," అంది.

సారక్క చేతిలోని పొట్లం మడతపెట్టింది. అప్పుడు మొదటి పిల్లవాడి సంగతి చెప్పింది. తేదీ దాటి ఎన్ని రోజులైందో, ఎవరేమన్నారో, ఏ పొద్దున కదలిక ఆగిందో, డాక్టరు చెప్పిన మాట అర్థం కాక ఆమె నవ్విన సంగతితో సహా చెప్పింది. ఆ డాక్టరు ఏదో మంచిమాట చెప్పిందనుకుని నవ్విందట. ఇందులో ఉప్పూ కారం ఏమీ వేయలేదు. చెప్పడం అయిదు నిమిషాల్లో అయిపోయింది.

"ఈ ముచ్చట మొదలే చెప్తే నేను మొదటి దినమే వస్తుంటి," అంది వజ్రమ్మ. మళ్ళీ తనే, "వస్తుంటినో లేదో. ఏమో," అంది.

మర్నాడు పొద్దున పది గంటలకు విజయశ్రీకి ఆడపిల్ల పుట్టింది. కోయలేదు. ఉమ్మనీరు పచ్చగా వచ్చింది, బిడ్డ లోపలే దొడ్డికి పోయిందన్నారు. పిల్లల డాక్టరు పక్కనే సిద్ధంగా ఉండి వెంటనే చూశాడు. పిల్ల ఒక క్షణం ఆగి, తర్వాత ఆస్పత్రి అంతా వినపడేట్టు ఏడ్చింది. మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. ఊపిరి బాగుందో లేదో, చక్కెర తగ్గుతుందో లేదో చూడాలని ఒకరోజు వేరే గదిలో ఉంచుకున్నారు. అన్నీ బాగున్నాయి.

తెచ్చి చేతికిచ్చినప్పుడు వజ్రమ్మ బిడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది. ఒళ్ళంతా ఎండి, పాదాల దగ్గర చర్మం పొరలు పొరలుగా లేచింది. నుదుట ముడతలు. తల నిండా జుట్టు. గోళ్ళు వేళ్ళు దాటి పెరిగి ఉన్నాయి.

"ఏందే ఇది, లోపల కూసోని ముసలిదానివైనవా?" అంది మనవరాలితో. "గోర్లు పెంచుకోని మరీ వచ్చినవ్, ఎవ్వల గీరుదామని?"

సారక్క అలాంటి గోళ్ళను ఇంతకు ముందొకసారి చూసింది, తన మొదటివాడి వేళ్ళకు. ఇప్పుడు ఈ పిల్ల చేతిని తన వేలి మీద పెట్టుకుంది. పిల్ల ఆ వేలిని పట్టుకుని, పొడుగు గోళ్ళతో గట్టిగానే గీరింది. సారక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

వజ్రమ్మ తిరుగు ప్రయాణం నెల వాయిదా వేసుకుంది. ఆ నెలంతా పొద్దున బిడ్డకు స్నానం చేయించాక, సారక్క వెంట గల్లీలు తిరగడం మొదలుపెట్టింది. తోడు ఎవరూ అడగలేదు, తనే వచ్చేది. పోశమ్మ అనే ఆమె, కోడలికి తేదీ దాటి అయిదు రోజులైనా ఆస్పత్రి మాట ఎత్తితే తలుపు వేసేస్తోందని సారక్క చెప్పింది. వజ్రమ్మ తలుపు తట్టి లోపలికి వెళ్ళి గంటసేపు కూర్చుంది. బయటికి వచ్చాక, "ఎల్లుండి వస్తరు," అంది.

"ఏం చెప్పినవ్ పెద్దమ్మా?"

"ఎక్కువ దినాలు లోపల ఉంటే పిల్లలకు పండ్లు గూడ వస్తయన్న. మా మనుమరాలు డాక్టరమ్మ వేలు కొరికిందన్న."

సారక్క రోడ్డు మీదే ఆగిపోయింది. "గంత అబద్ధమా?"

"తర్వాత నా బిడ్డ ముచ్చట చెప్పిన, డాక్టరమ్మ నాకు చెప్పింది గూడ చెప్పిన. కోసుడు ఉంటే ఉంటదని గూడ చెప్పిన. పండ్ల ముచ్చట తలుపు తీయనీకె. మిగిలింది కూసున్నంక."

పోశమ్మ కోడలు ఏడో రోజున ఆస్పత్రికి వెళ్ళింది, ఎనిమిదో రోజున కన్నది. అప్పటికి వజ్రమ్మ ఊరికి రైలెక్కి వెళ్ళిపోయింది. సారక్క ఫోన్ చేసి చెప్పింది. ఆడపిల్లా మగపిల్లాడా అని వజ్రమ్మ అడగలేదు. బరువెంత, గోళ్ళు పెరిగాయా అని అడిగింది. పొయ్యి మీద చారు పొంగుతోందని చెప్పి, జవాబు పూర్తిగా వినకుండానే ఫోన్ పెట్టేసింది.